కొండ మీద అమ్మ... కొండ కింద తిరునాళ్ల

కథ మొదలైంది ఫ్రాన్స్‌లో. మొక్కు తీర్చుకునే పద్ధతి మాత్రం అచ్చంగా మనదే. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ దగ్గరి గుణదల కొండ జనసంద్రమవుతుంది. అందులో క్రైస్తవులెందరో, కానివారెందరో ఎవరూ లెక్కపెట్టరు!

ఫిబ్రవరి రెండోవారం వచ్చిందంటే గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు నుంచి గుంటూరు మీదుగా విజయవాడ వెళ్లే రైళ్లలో కొన్ని సంచులు ప్రత్యేకంగా కనిపిస్తాయి. అన్నం మూట, దుప్పటి, కొవ్వొత్తుల కట్ట, ఓ కొబ్బరికాయ. తల్లి ఒళ్లో జుట్టు పెరిగిన పసివాడు. వాళ్లెక్కడికి వెళుతున్నారో పక్కసీటువాళ్లు అడగక్కర్లేదు. గుణదల మేరీమాత మొక్కు!

పశ్చిమ ప్రకాశం వాళ్లకు తిరునాళ్ల కొత్తేం కాదు. మార్కాపురం చెన్నకేశవస్వామి తేరు చూస్తూ పెరిగినవాళ్లు. ఇదే రైలుమార్గంలో నరసరావుపేట దగ్గర దిగితే శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. అలాంటివాళ్లకు గుణదలలో పరాయితనం ఎందుకనిపిస్తుంది?

పుల్లలేరడానికి వెళ్లి...

1858 ఫిబ్రవరి 11. ఫ్రాన్స్‌లోని లూర్దు అనే చిన్న ఊళ్లో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్ల పుల్లలు ఏరుకోవడానికి వెళ్లింది. ఉబ్బసంతో బాధపడే బలహీనమైన పిల్ల. అక్కడి కొండగుహలో తెల్లని దుస్తుల్లో ఓ స్త్రీమూర్తి కనిపించిందని చెప్పింది. మొదట ఎవరూ నమ్మలేదు. ఆ దర్శనం మొత్తం 18 సార్లు జరిగిందన్నది ఆమె మాట. నాలుగేళ్ల విచారణ తర్వాత, 1862లో అక్కడి బిషప్పు అది నిజమేనని ప్రకటించారు. ఆ గుహ దగ్గరి ఊటనీళ్ల కోసం నేటికీ ప్రపంచం నలుమూలల నుంచి రోగులు వెళుతుంటారు.

ఆ గుహను తలపించేలా 1920వ దశకంలో ఫాదర్ ఆర్లాటి అనే మిషనరీ గుణదల కొండ మీద మేరీమాత స్వరూపాన్ని నిలిపారు. అప్పటికి ఆయన అక్కడి సెయింట్ జోసెఫ్ సంస్థ బాధ్యతలు చూసేవారు. తర్వాత కట్టిన చర్చిని 1971లో ప్రతిష్ఠించారు. లూర్దులో తొలి దర్శనం జరిగిన ఫిబ్రవరి 11నే ఇక్కడా ప్రధాన పండుగ.

గుండు, కొబ్బరికాయ, కొవ్వొత్తి

ఆ మూడు రోజులూ కొండ కింద బిషప్పులు, ఫాదర్లు దివ్యపూజలు నడిపిస్తుంటే, ఇంకోపక్క తలనీలాలు ఇచ్చేవాళ్లు బారులు తీరుతారు. కొబ్బరికాయలు కొడతారు. చీరకొంగు సర్దుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కుతారు. గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఓపికున్నవాళ్లు శిఖరాన ఉన్న శిలువ దాకా వెళతారు. దారి పక్కన బొమ్మలు, గాజులు, మిఠాయిల దుకాణాలు సరేసరి.

మేరీమాతను ఆరాధించడం లేదు, తమ తరఫున దేవుణ్ని వేడుకోమని ఆమెను అడుగుతున్నామంటుంది కథోలిక చర్చి. మెట్లెక్కే తల్లికి ఈ తేడా పట్టదు. బిడ్డకు జ్వరం తగ్గాలి, కూతురికి కడుపు పండాలి, ఎండిన బోరులో నీళ్లు పడాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కాబట్టి తన గోడు ఆమెకు అర్థమవుతుందన్న నమ్మకం.

తల్లిని తల్లిగానే పిలవడం మన ఒక్కరి అలవాటు కాదు. ఫిలిప్పీన్స్‌లోని నాగా నగరంలో సెప్టెంబరులో జరిగే పెన్యాఫ్రాన్సియా మాత పండుగలో విగ్రహాన్ని పడవలో ఊరేగిస్తారు, మన తెప్పోత్సవంలా. అక్కడివాళ్లు ఆమెను పిలిచే పేరు 'ఇనా'. అర్థం... అమ్మ!

బాగవకపోతే?

ఫిబ్రవరి 11ను ప్రపంచ రోగుల దినంగా పాటించాలని 1992లో పోప్ రెండో జాన్‌పాల్ పిలుపునిచ్చారు. గుణదలకూ రోగులు వస్తారు, కొందరిని మోసుకొస్తారు. అందరికీ నయమవుతుందా? లూర్దులోనే వేలమంది తమకు నయమైందని చెప్పుకొన్నా, వైద్యులు పరిశీలించాక చర్చి అద్భుతాలుగా ఒప్పుకొన్నవి డెబ్బై పైచిలుకే. అయినా మొక్కులు తగ్గలేదు. ఏడాదంతా ఇంట్లో ఒంటరిగా మోసిన కష్టాన్ని అంతమంది మధ్య దించుకోవడమూ ఓ ఊరటే కదా.

పండుగ ముగుస్తుంది. మళ్లీ అదే రైలు. మార్కాపురంలో గుండుతో దిగిన పసివాణ్ని చూసి ఎవరో పలకరిస్తారు... తిరుపతి నుంచా, గుణదల నుంచా అని. గుండు చూసి ఎవరు మాత్రం చెప్పగలరు!