మిలిటరీ లారీకి కొత్త బ్రేకులు: ముందు ఏది, తర్వాత ఏది

సైన్యం వాడి పక్కన పెట్టిన లారీని వేలంలో కొనేవాళ్లు ముందుగా ఇంజిన్ చూస్తారు, తర్వాత గేర్‌బాక్స్, చాసీ చూస్తారు. బ్రేకుల సంగతి చాలాసార్లు చివరికి మిగిలిపోతుంది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ గానీ, దాని తర్వాత వచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియన్ గానీ ఎంత మోటు దారినైనా తట్టుకునే బండ్లే. అలాంటి పాత బండ్లను కొని క్రేన్లుగా మార్చుకోవడం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. అయితే సైన్యంలో ఆ బండి చేసిన పని వేరు, మన ఊళ్లో చేయబోయే పని వేరు.

మహబూబాబాద్ దగ్గరి కురవినే తీసుకోండి. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర జరిగితే రోడ్డు పొడవునా జనమే. మామూలు రోజుల్లో కూడా ఆటోలు, బైకులు, ట్రాక్టర్ల మధ్యనే లారీలు నడుస్తాయి. క్వారీలున్న జిల్లా కాబట్టి గ్రానైట్ దిమ్మెలు మోసే బండ్లూ ఉంటాయి. ఇలాంటి దారిలో బండి ఎంత బరువు లాగుతుందన్నది యజమానికి సంబంధించిన లెక్క. ఎంత దూరంలో ఆగుతుందన్నది రోడ్డు మీదున్న ప్రతి ఒక్కరి ప్రాణానికి సంబంధించిన లెక్క.

బ్రేకు చేసే పని నిజానికి ఒక్కటే: వేగాన్ని వేడిగా మార్చడం. 10 టన్నుల లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 617 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఆ వేడితో రెండు లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. వేగం 80 అయితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అంటే అదంతా కొన్ని సెకన్లలో ఎనిమిది లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి. అదంతా భరించాల్సింది డ్రమ్ములూ లైనర్లూ. బరువు పెరిగితే కష్టం పెరుగుతుంది, వేగం పెరిగితే అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది.

కొత్త బ్రేకుల మాట ఎత్తే ముందు పాతవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన బండిలో రబ్బరు పైపులు లోపల ఉబ్బిపోతాయి, వీల్ సిలిండర్ల రబ్బర్లు గట్టిపడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరిగే ప్రమాదం ఉంది. పైపులో ఆవిరి చేరితే పెడల్ నేలదాకా వెళ్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే పైపులు, రబ్బర్లు, ఆయిల్, లైనర్లు అన్నీ మార్చడమే మొదటి మెట్టు.

రెండో మెట్టు అన్నిటికన్నా ముఖ్యమైనది. 1950 ప్రాంతంలో వచ్చిన అమెరికన్ సైనిక లారీ ఎం35నే చూడండి. గాలి సాయంతో ఆయిల్‌ను నొక్కే బ్రేకులు దానివి, అన్ని చక్రాలకూ ఆయిల్ మార్గం ఒకటే. ఎక్కడో ఒకచోట పైపు పగిలితే అన్ని చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకే ఆ బండ్లను కొన్నవాళ్లలో చాలామంది రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించుకుంటారు. దాంతో ముందు చక్రాలకు ఒక మార్గం, వెనక చక్రాలకు ఇంకో మార్గం ఏర్పడతాయి. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. బ్రేకు బలం పెంచడం కన్నా ఇదే గొప్ప మెరుగుదల.

ఇంకో అడుగు ముందుకేస్తే పూర్తి ఎయిర్ బ్రేకులు. 30 చదరపు అంగుళాల చాంబర్‌లోకి చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడితో గాలి వెళ్తే సుమారు 1,360 కిలోల తోపు వస్తుంది. దానికి తోడు వెనక ఇరుసుకు స్ప్రింగ్ బ్రేకులు ఉంటాయి. వాటిలో బ్రేకు వేసేది స్ప్రింగే. గాలి ఆ స్ప్రింగును వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి కారిపోతే స్ప్రింగ్ విచ్చుకుని చక్రాన్ని బిగిస్తుంది. అయితే ఈ చాంబర్లను పాత హైడ్రాలిక్ ఇరుసుకు అలాగే తగిలించడం కుదరదు. చాలాసార్లు ఇరుసునే మార్చాల్సి వస్తుంది. అప్పుడు బరువు సామర్థ్యం, చక్రాల బోల్టులు సరిపోవాలి. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే ముందు, వెనక డిఫరెన్షియల్ నిష్పత్తులు కూడా ఒకటే కావాలి.

డిస్క్ బ్రేకుల మీద చాలామందికి మోజు. అందులో న్యాయముంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరమవుతుంది, దిగుడులో పెడల్ కిందికి జారుతుంది. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి తొందరగా చల్లబడుతుంది. కానీ ముందు చక్రాలకు, వెనక చక్రాలకు బ్రేకు బలం సరిగ్గా పంచకుండా డిస్కులు పెడితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఖాళీ బండిలో వెనక చక్రాలు ముందే బిగుసుకుంటే బండి తోక పక్కకు తిరుగుతుంది.

ఇక్కడే టైర్లు లెక్కలోకి వస్తాయి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది టైరు. బురద కోసం చేసిన మోటు గుబ్బల టైరుకు తడి తారు మీద పట్టు తక్కువ. అమెరికా సైన్యం తన ఐదు టన్నుల ఎం939 లారీలతో ఈ పాఠం నేర్చుకుంది. తడి రోడ్ల మీద చక్రాలు బిగుసుకుని బండ్లు అదుపు తప్పడంతో, వేగాన్ని గంటకు 40 మైళ్లకు, అంటే సుమారు 64 కిలోమీటర్లకు పరిమితం చేసి, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ను తర్వాత అమర్చింది. ఆ బండ్ల బ్రేకులు బలహీనమైనవి కావు. టైరు పట్టుకు, బ్రేకు బలానికి పొత్తు కుదరలేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం సైనిక వాడకం ముగిసిన బండిని మళ్లీ రిజిస్టర్ చేయించాలి. తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఇరుసులు, బ్రేకుల పద్ధతి మార్చే ఆలోచన ఉంటే, పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడిగి, అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఫిట్‌నెస్ పరీక్షను మొక్కుబడి తంతుగా చూడొద్దు. మనం చేయించిన పనిని మరో కన్ను సరిచూసే అవకాశం అది.

డబ్బు తక్కువగా ఉంటే వరుస ఇలా పెట్టుకోవచ్చు: మొదట పాత భాగాల మార్పు, తర్వాత రెండు మార్గాల సిలిండర్, ఆపైన రోడ్డుకు తగిన టైర్లు, చివరికి డిస్కులైనా ఎయిర్ బ్రేకులైనా. పని పూర్తయ్యాక జనం లేని చోట ఖాళీగా, ఆపై సగం బరువుతో, ఆ తర్వాత పూర్తి బరువుతో ఆపి చూడాలి. ఇంత దూరంలో నా బండి ఆగుతుందని కొలిచి చెప్పగలిగిన యజమానికే దాన్ని ఊరి రోడ్డు ఎక్కించే హక్కు ఉంటుంది.