సంతానలేమి: భార్యాభర్తల మనస్సు, సాన్నిహిత్యం

నికాహ్ జరిగి ఏడాది తిరగకముందే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తకోడలికి ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అడిగేవారికి అది పలకరింపే. మూడో ఏట కూడా అదే ప్రశ్న వినవలసి వస్తే అది గాయమవుతుంది. ఆ తర్వాత ప్రశ్న ఆగిపోయి, చాటున "గొడ్రాలు" అనే మాట మొదలవుతుంది. భర్తను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇది ఎంత అన్యాయమో గమనించండి. ఏ గర్భనిరోధక పద్ధతీ పాటించకుండా పన్నెండు నెలలు కాపురం చేసినా గర్భం నిలవకపోతే దానిని సంతానలేమి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనిని ఎదుర్కొంటారు. స్త్రీలో అండం సరిగా విడుదల కాకపోవచ్చు. క్షయ వంటి వ్యాధుల వలన గర్భనాళాలు మూసుకుపోవచ్చు. పురుషునిలో వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు, లేదా వాటికి చురుకుదనం లేకపోవచ్చు. ఇంచుమించు సగం జంటలలో పురుషుని లోపానికి కూడా భాగమున్నది. మగతనం వేరు, వీర్యకణాల సంఖ్య వేరు. దాంపత్య సుఖానికి ఏ లోటూ లేని పురుషునిలోనూ ఈ లోపం ఉండవచ్చు.

మన ప్రాంతంలో వలస సంగతి కూడా ఆలోచించాలి. కూలిపనికి విశాఖపట్నం, చెన్నై నగరాలకు, చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌కు, ఉద్యోగానికి గల్ఫ్ దేశాలకు వెళ్ళి నెలల తరబడి దూరంగా ఉండే భర్తలెందరో ఉన్నారు. లెక్కించవలసింది పెళ్ళయిన ఏండ్లను కాదు, కలిసి ఉన్న నెలలను.

ఇక మనస్సు సంగతి. నెలనెలా ఆశ పుడుతుంది, బహిష్టు రాగానే చచ్చిపోతుంది. ఎవరూ మరణించలేదు కనుక పరామర్శించే వారుండరు. ఆమె బంధువుల ఇండ్లలో అఖీఖాలకు వెళ్ళడం మానుకుంటుంది. భర్త తన దుఃఖాన్ని మౌనంలో దాచుకుంటాడు. ఆ మౌనాన్ని ఆమె అయిష్టమనుకుంటుంది. ఆమె కన్నీళ్ళను అతడు నింద అనుకుంటాడు.

పడకగదిలోనూ మార్పు వస్తుంది. ప్రేమతో కలుసుకోవలసినవారు తేదీ చూసుకొని కలుసుకోవడం మొదలుపెడతారు. ఆందోళన వలన సరిగ్గా ఆ రోజే భర్త శరీరం సహకరించకపోవచ్చు. భార్యకు కోరిక అణగారవచ్చు, కలయిక బాధాకరం కావచ్చు. ఇది ద్వేషం కాదు, భయం శరీరంపై చేసే పని. నిజానికి అండం విడుదలయ్యే రోజుతోపాటు దానికి ముందున్న అయిదు రోజులూ గర్భధారణకు అనువైనవే. రెండు మూడు రోజులకొకసారి కలుసుకునే దంపతులు సాధారణంగా క్యాలెండరుకు బానిసలు కానక్కరలేదు.

దివ్య ఖుర్ఆన్ భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రాల వంటివారని వర్ణించింది (2:187). వస్త్రం లోపాన్ని కప్పుతుంది, చలి నుండి కాపాడుతుంది. కుమారులనిచ్చేదీ, కుమార్తెలనిచ్చేదీ, కొందరిని సంతానం లేనివారిగా ఉంచేదీ అల్లాహ్ యేనని మరొకచోట తెలిపింది (42:49-50). అందులో నిందకు తావెక్కడ? హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) సంతానం కోసం రహస్యంగా మొరపెట్టుకున్నప్పుడు ముందుగా తన బలహీనతనే చెప్పుకున్నారు, ఆ తర్వాతనే భార్య ప్రసక్తి తెచ్చారు (19:3-5).

హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్‌హా)కు సంతానం లేదు. తన తోటి స్త్రీలందరికీ బిడ్డ పేరుతో పిలుపు ఉన్నదని, తనకు లేదని ఆమె చెప్పుకున్నారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆమె అక్క అస్మా కుమారుడైన అబ్దుల్లాహ్ పేరుతో ఆమెకు "ఉమ్మె అబ్దుల్లాహ్" అనే పిలుపునిచ్చారు. ఆ హృదయంలోని వెలితిని గుర్తించి, గౌరవంతో నింపారు. మన ఇండ్లలో కావలసింది ఈ సున్నతే.

కనుక దంపతులిద్దరూ కలిసే వైద్యుని వద్దకు వెళ్ళాలి. భార్య వయస్సు 35 దాటితే ఆరు నెలలకు మించి ఆగరాదు. వీర్యపరీక్ష స్త్రీకి చేసే అనేక పరీక్షలకన్నా సులభమైనది; దానిని వాయిదా వేయరాదు. భర్తకు పరీక్ష చేయించకుండానే రెండవ పెళ్ళి మాట ఎత్తే పెద్దలు ఆలోచించాలి: లోపం అతనిలోనే ఉంటే ఒకరికి బదులు ఇద్దరు స్త్రీల కంట కన్నీరు పెట్టించినవారవుతారు. పరీక్షనాళిక పద్ధతిలో తొలి శిశువు 1978లో ఇంగ్లండులో జన్మించింది. 1980లోనే ఈజిప్టు ముఫ్తీ షేఖ్ జాదుల్ హఖ్ ఆ చికిత్సను అనుమతించారు. అయితే అండమూ వీర్యమూ ఆ భార్యాభర్తలవే కావాలి, మూడో వ్యక్తికి తావుండరాదు.

చికిత్స ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. ఇంటి పెద్దలు మాత్రం "విశేషమేమైనా ఉందా?" అని అడగడం మాని "నువ్వు బాగున్నావా, తల్లీ?" అని అడగడం నేర్చుకోవచ్చు. అందుకు ఏ వైద్యుడూ అవసరం లేదు.