నిద్రగన్నేరు నీడను

గన్నవరములో మా యింటియెదుట నిద్రగన్నేరు చెట్టొకటి కలదు. సందెవేళకది యాకులు ముడుచును. మాకో, అర్ధరాత్రము దాటినగాని కన్ను మూతపడదు. కాపురమునకు వచ్చిన క్రొత్తలో, ప్రొద్దెక్కినను ముంగిట ముగ్గు పడలేదని “సోమరి” యను పేరు మాకు దక్కినది. ఆ మాట పదునాలుగేండ్లు ముల్లువలె నాటియున్నది.

ఇది సోమరితనమా? 1729లో ఫ్రాన్సు దేశీయుడైన డి మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో నుంచెను. వెలుతురు లేకున్నను వేళకు దాని యాకులు విచ్చుచు ముడుచుచుండెను. మన దేహమందును అట్టి గడియారమే కలదు. దాని మర్మమును పండ్లపై వ్రాలు చిన్న యీగలయందు కనిపెట్టిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. ఈ గడియారము అందరియందు నొక్కరీతి నడువదు. కొంత పుట్టుకతో వచ్చును, యౌవనమున వెనుకబడును, వార్ధక్యమున ముందునకు జరుగును. కావుననే కోడికూతకు అత్తగారికి మెలకువ, కోడలికి గాఢనిద్ర!

అట్లని యూరకుండరాదు. ఉదయపుటెండ గడియారమును ముందునకు జరుపును. రాత్రి దీపకాంతి, చేతిఫోను వెలుగు వెనుకకు లాగును. మేము ప్రొద్దుటి యెండలో పూలు కోయుచు, రాత్రి పదింటికి దీపము తగ్గించుచున్నాము. గంట ముందుగా నిద్ర పట్టుచున్నది, అంతకుమించి మారలేదు.

మా పిల్లకును ఇదే స్వభావము. ఆమెను మేమా పేరున పిలువము. అమ్మలారా! మీ కోడలిని నిందించుటకు ముందు, రాత్రి యెప్పుడు నిద్రపట్టినదో యడుగుడు.