మడ విత్తనము

కొల్లేటి మిగులునీరు ఉప్పుటేటి వెంట సాగి బంగాళాఖాతమున కలియును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు వరి పండునది మంచినీటి బురదలో. సముద్రము చేరువైన కొలది ఆ బురద ఉప్పుబురదగా మాఱును. పోటువేళ ఉప్పునీరు దానిని కప్పును. పాటువేళ బురద బయటపడును. వరినారు బ్రతుకజాలని అట్టి నేలయందును ఏడాది పొడవున పచ్చగా నుండు పొదలు, చెట్లు కొన్ని పెరుగును. వీనినే మడచెట్లందురు. కృష్ణా గోదావరుల సంగమస్థానములందు మడ అడవులు కలవు. కాకినాడకు సమీపమునందలి కోరింగ అడవిని 1978లో ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించెను.

సామాన్యముగా విత్తనము నేలబడిన పిమ్మట మొలకెత్తును. కాని ఉప్పుబురదలో లేతమొలక నిలుచుట కష్టము; అలలు దానిని కొట్టుకొనిపోవును. అందువలన కొన్ని మడజాతులు తమ బిడ్డలను తామే కొంతకాలము మోయును. ఉప్పుపొన్న కాయ కొమ్మననుండగనే మొలకెత్తి, మునగకాయవలె క్రిందికి వ్రేలాడును. పక్వమైన పిదప రాలి బురదలో గ్రుచ్చుకొనును; లేదా నీటిపై తేలుచు పోయి, అనువైనచోట వేళ్లూనును. నల్లమడ, తెల్లమడ గింజలలోను మొలక చెట్టుననే సిద్ధమగును గాని, తొక్కను చీల్చుకొని వెలికి రాదు.

ఈ విత్తనములను వడ్లవలె గాదెలో నిలువచేయరాదు, ఎండినచో చచ్చును. రాలిన వానిని ఏరి, పురుగు తొలిచిన వానిని పాఱవైచి, ఆలస్యము చేయక నాటవలెను. ఉప్పుపొన్న మొలకను చిగురుకొన పైకుండునట్లు, మూడవవంతు బురదలోనికి దింపిన చాలును. మడగింజలను నీటిలో నుంచినచో పైతొక్క ఊడును. పిమ్మట వానిని బురద నింపిన సంచులలో, వేరువైపు క్రిందికుండునట్లు మెల్లగా అదిమి, పోటునీరు తడుపు తావున నుంచుదురు. కొన్ని నెలలు పెరిగిన పిదప మొక్కలను అడవినేలకు మార్చుదురు.

అయినను నాటుట మాత్రము చాలదు. అడవి నఱికినచోట నేల ఎండి క్రుంగును. అందు చేరిన పోటునీరు మరల పోవు దారిలేక ఎండకు ఆవిరియగును, ఉప్పు పేరుకొనును. అచట ఎన్ని మొక్కలు నాటినను నిలువవు. కావుననే 1990ల చివర అటవీశాఖవారును, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును గ్రామస్థులతో గూడి, ఈ నదీముఖములందు చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. నడుమ పెద్దకాలువ, ఇరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుపాటులు వీనిలో సాగి ఉప్పును కడిగివేయును. ఆ కాలువల వాలునందే మొక్కలను నాటిరి.

మడవేళ్ల నడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. దట్టమైన మడ అడవి కెరటముల వడిని తగ్గించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొన్న ఉప్పెనను తలచినవారికి ఈ అడవి విలువ తెలియును. కావున మడ పెంపవలెనన్నచో మొదట నీటికి దారి చూపవలెను. ఆ పిమ్మటనే విత్తు నాటవలెను.