వీడియో గేమ్స్ – మనము అనుకున్నంత చెడ్డవేనా?



ఈ నెల కుటుంబ శీర్షికను ఒక ఒప్పుకోలుతో ప్రారంభిస్తున్నాము. వీడియో గేమ్స్‌కు విరోధముగా మేము చాలా ఏళ్లు ప్రసంగించాము. మా చిన్ననాడు ఆడిన రెండు మూడు ఆటలు తప్ప, మరి ఏ గేమ్‌నూ కూర్చుని చూడకుండానే ప్రసంగించాము.

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములో పెరిగిన మా వయసువారికి ఈ ఆటలు క్రొత్తవి కావు. 1990లలో కోణార్క్, వెంకటాద్రి, మేఘ థియేటర్ల చుట్టుపక్కల సందులలో వీడియో గేమ్ పార్లర్లు ఉండేవి. స్కూలు సంచి భుజాన వేసుకొని, చిల్లర గుప్పిట్లో పెట్టుకొని పిల్లలు అక్కడికి చేరేవారు. కొంచెము డబ్బున్న ఇళ్లలో కోఠిలో కొన్న గేమ్ డబ్బాను టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడేవారు. తరువాత కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడవడం మొదలైంది. ఆ రైలులో ఎక్కి చూస్తే, ఏ పిల్లవాని చేతిలో చూసినా ఫోను, ఫోనులో ఆట. సందులోని పార్లర్ జేబులోకి వచ్చేసింది.

ఆ సంవత్సరమే ఒక ఆదివారము మేము గట్టిగా మాట్లాడాము. గేమ్ అనేది ఏదైనా సరే, సాతాను పన్నిన వల అన్నాము. తల్లిదండ్రులు తలలు ఊపారు. ఆరాధన తరువాత చాలామంది వచ్చి, "మంచి వాక్యము చెప్పారు అయ్యగారూ" అన్నారు. వెనుక చాపమీద కూర్చున్న పదవ తరగతి పిల్లవాడొకడు మాత్రము వందనము చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆనాడు మేము దానిని పట్టించుకోలేదు.

కొత్తపేటలో ఒక సాయంత్రము

ఆ పిల్లవానికి ఒక తమ్ముడు ఉండేవాడు. అయిదేళ్లవాడు. 2019లో వానికి తలలో గడ్డ అని తెలిసింది. ఆసుపత్రులు తిరిగారు, ఉపవాస ప్రార్థనలు చేశాము, నూనె రాసి ప్రార్థించాము. సంవత్సరాంతములో ఆ బిడ్డ ప్రభువునందు నిద్రించాడు. సమాధి దగ్గర ఆ తల్లితో మేము, "దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడమ్మా" అన్నాము. అందరమూ అనే మాటే. ఆమె ఏమీ అనలేదు.

నెల తిరగకుండానే తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఎల్.బి.నగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో పనిచేసే సహోదరుడు ఆయన. "అయ్యగారూ, తమ్ముడు పోయి నలభై రోజులు కాలేదు. పెద్దవాడు కంప్యూటర్ ముందు కూర్చుని గేములాడుతున్నాడు. ఏడవడు, మాట్లాడడు, మందిరానికి రమ్మంటే రాడు. మీరు వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు.

మేమూ మా శ్రీమతీ మరునాడు సాయంత్రము కొత్తపేటలోని వారి ఇంటికి వెళ్లాము. చెప్పవలసిన వాక్యములు ముందే వెదికి పెట్టుకున్నాము. పిల్లవాడు లేచి నిలబడి, "అయ్యగారూ, తిట్టే ముందు ఒక్కసారి కూర్చుని చూడండి" అన్నాడు. తుపాకులు, నెత్తురు కనిపిస్తాయనుకొని కుర్చీ లాక్కొని కూర్చున్నాము.

తెరమీద తుపాకి లేదు. ఆసుపత్రి గది ఉంది. ఒక తండ్రి, ఒక చిన్న బిడ్డ. బిడ్డ దాహముతో ఏడుస్తున్నాడు. తండ్రి ఎత్తుకుంటాడు, పడుకోబెడతాడు, గదిలో తిరుగుతాడు. ఆడేవాడు ఏది నొక్కినా ఆ ఏడుపు ఆగదు. ఆటలో సాధారణముగా గెలుపు ఉంటుంది. ఇక్కడ గెలిచే మార్గమే లేదు. చివరికి ఆ తండ్రి ఏమీ చేయలేక ప్రార్థిస్తాడు. బిడ్డ నిద్రపోతాడు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన రయన్ గ్రీన్, ఎమీ గ్రీన్ అను క్రైస్తవ దంపతులు కొందరు స్నేహితులతో కలిసి చేసిన ఆట అది. పేరు 'దట్ డ్రాగన్, క్యాన్సర్'. వారి కుమారుడు జోయెల్‌కు ఏడాది వయసులో మెదడులో క్యాన్సరు కనబడింది. మందులు లేవన్న తరువాత కూడా ఆ బిడ్డ కొన్ని సంవత్సరములు బ్రతికి, 2014 మార్చిలో అయిదేళ్ల వయసులో చనిపోయాడు. తమ్ముని జబ్బును అన్నలకు ఎలా చెప్పాలో తెలియక, చిన్న వీరుడొకడు ఘటసర్పముతో పోరాడుతున్నాడని ఆ తల్లిదండ్రులు కథగా చెప్పారట. ఆట పేరు అక్కడినుండి వచ్చింది. 2016 జనవరిలో అది విడుదలైంది. బిడ్డ నవ్వు, ఇంట్లోవారి మాటలు నిజముగా రికార్డు చేసినవే అందులో పెట్టారు. 2017లో బ్రిటన్‌లోని బాఫ్టా సంస్థ కొత్తదనానికిచ్చే బహుమతిని ఆ ఆటకు ఇచ్చింది.

అందులో తల్లి స్వస్థత కోసము పట్టుదలతో ఎదురుచూస్తుంది. తండ్రి సందేహములో పడి లోతు నీళ్లలోకి దిగిపోతున్నట్టు చూపించారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేదు. సులువైన జవాబు ఒక్కటీ చెప్పలేదు. ఆసుపత్రి వసారాలలో కార్డులు కనబడతాయి. తమవారిని క్యాన్సరుకు పోగొట్టుకున్న ఎందరో పంపిన మాటలు వాటిమీద ఉన్నాయి.

పిల్లవాడు ఇంగ్లీషు మాటలను తెలుగులో చెబుతున్నాడు. వంటింటి గుమ్మము దగ్గర నిలబడిన తండ్రి ఎప్పుడు వచ్చాడో, మంచము అంచున కూర్చున్నాడు. "నాన్నా, ఆ రాత్రి వార్డులో నువ్వూ ఇలాగే తిరిగావు కదా" అన్నాడు పిల్లవాడు. ఆ సహోదరుడు కొడుకు ఎదుట ఏడవడం అదే మొదలు. తల్లి వచ్చి ఇద్దరి తలలమీద చేతులు వేసింది. మా దగ్గరున్న వాక్యములు మా దగ్గరే ఉండిపోయాయి. పువ్వును కోసుకున్నాడని మేము అన్న మాట ఆ తల్లిని ఎంత గాయపరిచిందో ఆ గదిలో మాకు తెలిసింది. యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు మౌనముగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదే. మేము ఆ ఒక్క రోజైనా కూర్చోలేదు.

ఆ పిల్లవాడు వెంటనే మారిపోయి మందిరానికి వచ్చాడని వ్రాస్తే సాక్ష్యము బాగుంటుంది గాని నిజము కాదు. కొన్ని నెలలు పట్టింది. ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు మాత్రము ఆ సాయంత్రము నుండి మాట్లాడుకుంటున్నారు. కొడుకు మనసు ఎక్కడున్నదో తండ్రికి ఒక గేమ్ చూపించింది.

మరికొన్ని ఆశ్చర్యములు

ఆ తరువాత మేము అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాము. చెప్పేవాడు ఆ పిల్లవాడే. చెడ్డవనుకున్నవి, పనికిరానివనుకున్నవి కొన్ని మా అంచనాకు మించి ఉన్నాయి.

టెట్రిస్ మీలో చాలామందికి తెలుసు. పైనుండి పడే ముక్కలను వరుసగా పేర్చే ఆట. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అను కంప్యూటర్ నిపుణుడు దానిని తయారుచేశాడు. కాలక్షేపపు ఆట అనే అందరూ అనుకున్నారు. అయితే ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదములలో చిక్కుకొని అత్యవసర విభాగానికి వచ్చిన 71 మందితో చేసిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. ప్రమాదము జరిగిన ఆరు గంటలలోపు, ఆ సంగతిని కొద్దిగా జ్ఞాపకము చేసుకొని ఈ ఆట ఆడినవారికి, తరువాతి వారములో ఆ భయంకర దృశ్యములు మనసులోకి చొరబడడం మిగిలినవారికంటె తగ్గింది. కన్ను, మనసు ముక్కలను పేర్చే పనిలో నిమగ్నమైనప్పుడు ఆ దృశ్యము మనసులో గట్టిగా ముద్రపడడానికి చోటు తక్కువవుతుందని వారి ఆలోచన. వైద్యానికి బదులుగా ఆటలు ఆడమని మేము చెప్పడం లేదు. పనికిరాదని మనము త్రోసివేసిన వస్తువు ఎక్కడ పనికివస్తుందో చూడండి అంటున్నాము.

'అమాంగ్ అజ్' అను ఆట 2018లో వచ్చినప్పుడు దానిని పట్టించుకున్నవారు చాలా తక్కువ. 2020లో లోకమంతా ఇళ్లలో తలుపులు వేసుకున్నప్పుడు అది కోట్లమందికి చేరింది. మా యౌవనస్థుల కూడిక ఆగిపోయిన ఆ నెలలలో, శనివారము సాయంత్రము పది మంది పిల్లలు ఎవరి ఇంట వారుండి ఫోనులలో అది ఆడేవారు. ఆట అయ్యాక అరగంట ప్రార్థన. నడిపించినవాడు ఆ కొత్తపేట పిల్లవాడే. అందులో ఒకడు మోసగాడుగా ఉండి మిగిలినవారిని నమ్మించాలి; అది మాకు కొంచెము ఇబ్బందిగానే ఉండేది. అయినా ఆ పది మందిలో ఒక్కరూ చెదిరిపోలేదు.

'వెంబా' అను ఆట 2023లో వచ్చింది. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబపు కథ. తల్లి దగ్గరున్న వంట పుస్తకములో అక్షరములు చెరిగిపోయి ఉంటాయి. ఇడ్లీ, బిర్యానీ ఎలా వండాలో ఆడేవాడే గ్రహించి వండాలి. కొడుకు పెరిగేకొద్దీ తల్లి భాషకు, తల్లి భోజనానికి దూరమవుతాడు. 2024లో దీనికి కూడా బాఫ్టా బహుమతి వచ్చింది. పిల్లలను డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో పంపి, వారానికొక్క ఫోను కోసము ఎదురుచూసే తల్లులు మన సంఘములలో ఎంతమంది లేరు! తమిళులదైనా ఆ కథ మనదే.

'నో మ్యాన్స్ స్కై' అను మరో ఆట సంగతి వేరు. ఇంగ్లండులోని ఒక చిన్న కంపెనీ దానిని ఎంతో గొప్పగా చెప్పి 2016లో విడుదల చేసింది. కొన్నవారు మోసపోయామని మండిపడ్డారు. చెప్పినవాటిలో చాలా సంగతులు అందులో లేవు. ఆ తయారీదారులు వాదించలేదు. చాలాకాలము మౌనముగా ఉండి, ఒక్కొక్క లోపమును సరిచేసి, కొత్తవి చేర్చి, అప్పటికే కొన్నవారికి ఉచితముగా ఇస్తూ వచ్చారు. తిట్టినవారే తరువాత మెచ్చుకున్నారు. మారుమనస్సుకు తగిన ఫలములు అని మనము ప్రసంగిస్తాము గదా. మాట తప్పినవాడు మాటతో కాదు, పనితో తిరిగి నమ్మిక సంపాదించాలని యౌవనస్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు ఇప్పుడు మేము ఈ ఉదాహరణ చెబుతున్నాము.

అయితే అన్నీ మంచివేనా?

కావు. తలుపులు బార్లా తెరవమని మేము చెప్పడం లేదు. డబ్బు పందెము పెట్టి ఆడే ఆటలు ఎన్ని ఇళ్లను ముంచాయో మనకు తెలుసు. అట్టి ఆన్‌లైన్ పందెములను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టము చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమ్స్ వ్యసనమును రోగముల పట్టికలో చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటె ఆటే ముఖ్యమవడం, నష్టము కనబడుతున్నా మానలేకపోవడం దాని గుర్తులు. సాధారణముగా ఏడాది కాలము ఇలా సాగితే అది రోగమని వైద్యులు ఎంచుతారు. అట్టి పిల్లలను తిట్టక, కొట్టక, వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. ప్రార్థనకూ వైద్యానికీ విరోధము లేదు.

తల్లిదండ్రులకు మా అనుభవములోనుండి కొన్ని మాటలు:

1. వద్దనే ముందు పిల్లవాని ప్రక్కన అరగంట కూర్చోండి. కథ ఏమిటి, ఎవరు చేశారు, అది నీకెందుకు ఇష్టము అని అడగండి.

2. ఫోనులో ఆటను దింపుకొనేచోట 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు గుర్తు ఉంటుంది. దానిని చూడండి.

3. డబ్బు అడిగే ఆట అయితే మీకు తెలియకుండా ఒక్క రూపాయి కట్టకూడదని ముందే చెప్పండి. మీ పాస్‌వర్డు మీ దగ్గరే ఉండనివ్వండి.

4. కంప్యూటర్ ముందు గదిలో ఉండాలి. రాత్రి పడకకు ఫోను వెళ్లకూడదు. ఈ నియమము తండ్రికి కూడా వర్తించాలి.

5. ఆట అయ్యాక పిల్లవాడు ఎలా ఉన్నాడో గమనించండి. కోపము, అబద్ధము, నిద్రలేమి పెరుగుతున్నాయా? మాట, నవ్వు, దయ పెరుగుతున్నాయా? చెట్టును దాని ఫలమును బట్టి తెలుసుకోమని ప్రభువు నేర్పాడు. అది ఆటలకు కూడా సరిపోయే కొలత.

ఫిలిప్పు చేసిన పని

యోహాను సువార్త మొదటి అధ్యాయములో నతనయేలు సంగతి మనకు తెలిసినదే. నజరేతు అనే ఊరి పేరు వినగానే అక్కడినుండి మంచిది ఏమి వస్తుందని తేల్చేశాడు. నతనయేలు చెడ్డవాడు కాడు. కపటము లేనివాడని ప్రభువే అతని గురించి సాక్ష్యమిచ్చాడు. మంచివారు కూడా పేరు విని తీర్పు తీరుస్తారు. ఫిలిప్పు అతనితో వాదించలేదు. వచ్చి చూడమని పిలిచాడు. అతడు లేచి వెళ్లి చూశాడు గనుక ప్రభువును ఎరిగాడు.

ఆ సాయంత్రము కొత్తపేటలో మమ్మును కూర్చుని చూడమని పిలిచినది పదహారేళ్ల పిల్లవాడు. అతడు ఫిలిప్పు పని చేశాడు. మేము కూర్చోకపోయి ఉంటే, గదిమి వాక్యము చెప్పి, టీ త్రాగి వచ్చేసి ఉండేవారము. ఆ పిల్లవాడు ఇక ఎన్నటికీ మాకు తలుపు తీసి ఉండేవాడు కాడు.

కొంతకాలము క్రిందట మరొక తల్లి తన బిడ్డను పోగొట్టుకుంది. మేము వెళ్లి పువ్వు మాట అనలేదు. ఆమె ప్రక్కన చాపమీద కూర్చున్నాము, అంతే. ఆ మౌనమును మాకు నేర్పినది, మేము సాతాను వల అని పేరు పెట్టినవాటిలో ఒకటి.

ప్రియ తల్లిదండ్రులారా, వచ్చే ఆదివారము ఆరాధన అయి ఇంటికి వెళ్లాక, భోజనము చేసి, మీ పిల్లవాని ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి. "ఏం ఆడుతున్నావు నాన్నా, నాకూ చూపించు" అనండి. చెడ్డదైతే చెప్పడానికి మీకు అప్పుడు అధికారము ఉంటుంది. మంచిదైతే మీ బిడ్డ మనసులోకి ఒక తలుపు దొరుకుతుంది.

ప్రభువు మన బిడ్డలను, మన గృహములను కాపాడి దీవించును గాక. ఆమేన్.