పొద్దున్నే ఒక చిన్న మాత్ర.. థైరాయిడ్‌కి 'న్యాచురల్' మందు నిజంగా మంచిదేనా?

డోన్‌లో మా అన్న వాళ్ల ఇల్లు. పొద్దున ఆరున్నర. పొయ్యి మీద ఉగ్గానికి తాలింపు చిటపటలాడుతోంది. ఎప్పుడూ వంటగది అరలో కనిపించే థైరాయిడ్ మాత్రల సీసా మాత్రం ఈసారి కనిపించలేదు.

"వదినా, మాత్ర వేసుకున్నావా?"

"నిలిపేసినా. రెండు నెలలైంది. అదంతా కెమికలంట కదా! న్యాచురల్‌ది ఆన్‌లైన్‌లో దొరుకుతాదంట, ఆర్డర్ పెడదామనుకుంటాండా" అంటూ ఫోన్ చూపించింది.

డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ. కింద చిన్న అక్షరాల్లో 'పోర్సైన్' అని ఉంది.

"పోర్సైన్ అంటే ఏంది?"

"పంది."

శనివారం గుడ్డు కూడా ముట్టని వదిన ఫోన్ పక్కన పెట్టేసింది. అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. పంది సంగతి సరే, న్యాచురల్ మందు నిజంగా మెరుగైనదేనా? రోజూ వేసుకునే మాత్ర అంత 'కెమికలా'?

రాగులు, సంగటి

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి ముఖ్యంగా రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. నాలుగు అయోడిన్ పరమాణువులు ఉన్నది టీ4, మూడు ఉన్నది టీ3. టీ4ని బస్తాలో నిల్వ ఉన్న రాగులనుకోండి. టీ3 అప్పటికప్పుడు కెలికిన సంగటి. ఒంటికి శక్తినిచ్చే పని చేసేది సంగటే. కానీ అది ఎక్కువసేపు నిలవుండదు. అందుకే శరీరం టీ4ని దాచుకుని, ఏ అవయవానికి ఎంత కావాలో అంత టీ3గా మార్చుకుంటుంది.

గ్రంథి మందగిస్తే మొత్తం నెమ్మదిస్తుంది. అలసట, మలబద్ధకం, జుట్టు రాలడం, చలికి తట్టుకోలేకపోవడం, నెలసరి తప్పడం, ముఖం ఉబ్బడం.. ఇవన్నీ దాని లక్షణాలే. ఇది అరుదైన జబ్బేం కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలోని 8 నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. అంటే తొమ్మిది పది మందిలో ఒకరికి!

గొర్రెలతో మొదలైన కథ

నిజానికి థైరాయిడ్‌కి మొట్టమొదట పనిచేసిన మందు న్యాచురల్‌దే. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టర్, ఒంట్లో నీరు పట్టినట్టు ఉబ్బిపోయి, మందకొడిగా మారిన ఒక మహిళకు గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆమె కోలుకుంది. తర్వాత నోటి ద్వారా ఇచ్చారు. ఆమె 1919 వరకు బతికింది. ఆ 28 ఏళ్లలో ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడారట! గొర్రెల మందలు మనకు కొత్త కాదు గానీ, ఒక్క మనిషి మందు కోసం అన్ని గొర్రెలా అనిపిస్తుంది కదా.

1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథిలోని అసలు పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. అదే థైరాక్సిన్, అంటే మన టీ4. 1927లో బ్రిటన్‌లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్గర్ దాన్ని ల్యాబ్‌లోనే తయారుచేసి చూపించారు. ఇవాళ మన మెడికల్ షాపుల్లో దొరికే లీవోథైరాక్సిన్ మాత్రకు మూలం అదే.

ఇక్కడే అసలు తిరకాసు. 'సింథటిక్' అంటున్న ఈ మాత్రలోని టీ4, మన గ్రంథి తయారుచేసే టీ4.. రెండూ ఒకే అణువు. తేడా అది పుట్టిన చోటులోనే. 'న్యాచురల్' అంటున్నదేమో ఎండబెట్టి పొడిచేసిన పంది గ్రంథి. దాంట్లో ఉండే కొలత పందిది, మనిషిది కాదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మనిషి గ్రంథి సుమారు 14 పాళ్ల టీ4కి ఒక పాలు టీ3 విడుదల చేస్తుంది. పంది గ్రంథి పొడిలో ఈ లెక్క సుమారు నాలుగుకి ఒకటి. ఒక 'గ్రెయిన్' మాత్రలో దాదాపు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. అంటే సంగటి ఒక్కసారే ఎక్కువ వడ్డించేసినట్టు. వేసుకున్న కొన్ని గంటల్లో టీ3 పైకి లేచి, తర్వాత పడిపోతుంది. కొందరికి గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం అందుకే. టీ4 అలా కాదు. ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి నిలకడగా ఉంటుంది.

ఇంకో చిక్కు నాణ్యత. పంది గ్రంథి మాత్రలకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం ఎప్పుడూ లేదు. అయినా పాత అలవాటుగా అక్కడ అమ్ముతూ వచ్చారు. మోతాదు తేడాలున్నాయని 2020లో కొన్ని బ్రాండ్లను వెనక్కి పిలిపించారు కూడా. ఇక డాక్టర్ చీటీ లేకుండా అమ్మే 'థైరాయిడ్ సపోర్ట్' క్యాప్సూల్స్ సంగతి మరీ ఘోరం. అమెరికాలో అలాంటి 10 రకాలను పరీక్షిస్తే 9 రకాల్లో టీ3 హార్మోన్ దొరికింది. ఏం మింగుతున్నామో తెలియకుండా మింగడమన్నమాట.

అలాగని ఆ వైపు వాదన ఉత్తదేనా?

కాదు. మాత్ర వేసుకుని, రిపోర్టులో టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చినా "నాకు బాలేదు" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లది నటన కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 70 మందికి రెండు మందులూ, ఏది ఏదో చెప్పకుండా, ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చారు. లక్షణాల్లో, జ్ఞాపకశక్తి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఏది నచ్చిందని అడిగితే 34 మంది పంది గ్రంథి మందే అన్నారు. లీవోథైరాక్సిన్ అన్నవాళ్లు 13 మంది. మిగిలిన 23 మందికి ఏదైనా ఒకటే.

అందుకే కొందరికి డాక్టర్లు టీ4తో పాటు కొలిచిన టీ3 కలిపి కొంతకాలం ఇచ్చి చూస్తారు. ముందుగా మాత్రం రక్తహీనత, విటమిన్ డి, బీ12, నిద్ర సంగతి చూస్తారు. అలసటకు కారణం ప్రతిసారీ థైరాయిడే కాదు.

మూలికల మాట కూడా అనుకుందాం. గ్రంథి దెబ్బతిన్నాక లోటు పడేది హార్మోన్. ఏ కషాయంలోనూ ఆ హార్మోన్ ఉండదు. 'న్యాచురల్' కదా అని సైంధవ లవణానికి మారితే అయోడిన్ కూడా తగ్గిపోతుంది.

మాత్ర పనిచేయాలంటే..

• పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. టీ, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే.

• ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి.

• సీసా పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టొద్దు. 40 డిగ్రీలు దాటే మన ఎండలకు మందు బలం తగ్గుతుంది.

• జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. రిపోర్టు తప్పుగా రావచ్చు.

• మోతాదు మారాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. మోతాదు సొంతంగా మార్చొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది

వదినకు పెళ్లయి రెండేళ్లు. పిల్లల కోసం చూస్తున్నారు. ఆమె మాత్ర మానేసింది సరిగ్గా ఈ సమయంలోనే! గర్భంలో బిడ్డకు సొంత గ్రంథి పూర్తిగా పనిచేసేదాకా, మెదడు ఎదుగుదలకు కావాల్సిన టీ4 తల్లి నుంచే అందాలి. టీ3 ఆ పని సరిగా చేయలేదు. అందుకే గర్భం కోసం చూస్తున్నవాళ్లకు, గర్భిణులకు పంది గ్రంథి మందు వద్దంటారు డాక్టర్లు. గర్భం వచ్చిందని తెలియగానే టీ4 మోతాదు చాలామందికి పెంచాల్సి వస్తుంది కూడా. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఇదంతా విన్నాక వదిన ఏమీ అనలేదు. మరుసటి రోజు అన్నతో కలిసి కర్నూలు వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంది. టీఎస్‌హెచ్ బాగా పెరిగింది. డాక్టర్ మళ్లీ మాత్ర మొదలుపెట్టి, ఆరు వారాలకు రమ్మన్నారు.

మొన్న ఫోన్ చేస్తే అడిగాను, "మాత్ర?"

"ఏసుకున్నా. మీ అన్న ఉగ్గాని ముందర పెట్టుకుని కూర్చున్నాడు. నాకింకా ఇరవై నిమిషాలుంది!" అంది.