మామిడి పూత మీద మంచు

మంచంటే లంబసింగిలో లాగా గడ్డకట్టేదే కానక్కర్లేదు. రెడ్డిగూడెం మెట్టలో నీళ్లు గడ్డకట్టవు. కానీ పుష్యమాసంలో పొద్దెక్కినా విడవని పొగమంచు మామిడి పూతను చెడగొడుతుంది. ఆ చలికీ తేమకీ కంకుల మీద బూడిద తెగులు లేస్తుంది. తేనెమంచు పురుగు రసం పీల్చి జిగురు వదులుతుంది, దాని మీద మసి కమ్ముతుంది.

గడ్డకట్టే చలి వున్న చోట రాత్రికి ముందే తోట తడుపుతారు. తడినేల వేడిని పట్టి వుంచుతుంది గనుక. అది చూసి ఇక్కడ పూతకు ముందు నీరు పెడితే కొమ్మ ఇగురు వేస్తుంది, పూత రాదు. పిందె బఠాణీ గింజంత అయ్యాకే నీరు. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టాలి. పూత విచ్చాక పురుగుమందు కొడితే ఈగలూ తేనెటీగలూ చచ్చి పిందె కట్టదు.

ఇంతకీ కొట్టేదెవరు? కూలీ. గొట్టం చెట్టెత్తుకు లేపితే మందు తిరిగి అతని మొహానే పడుతుంది. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, సబ్బు తోట ఆసామే ఇవ్వాలి. పనిలోకి దిగకముందే అడగండి. గాలికెదురు కొట్టొద్దు.

పూత రాలితే మునిగేది కౌలుదారే. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కార్డు ఇవ్వడానికి భూయజమాని సంతకం అడిగింది. గుత్త డబ్బు లెక్కపెట్టుకున్నంత తేలిగ్గా ఆ సంతకం పెట్టిన ఆసాములెందరు?